నడిమి ముక్క

సెప్టెంబరు 14

మరదలు పిల్లా,

ఫోను ఉండగా ఈ ఉత్తరమేమిటని నువ్వు అడిగేలోపే చెప్తున్నాను. ఫోను చేస్తే అమ్మ నీ పక్కనే కుర్చీ లాక్కుని కూర్చుంటుంది. నేను దగ్గినా "ఏమంటోంది, ఏమంటోంది?" అంటుంది. ఇక్కడ మీ అన్నయ్య పేపరు అడ్డం పెట్టుకుని చెవులు రిక్కిస్తారు. మనిద్దరం తీరిగ్గా పోట్లాడుకోవాలంటే కాగితమే గతి.

పోట్లాట దేనికంటావా? నువ్వు పంపిన మొక్కజొన్న పొట్టు బొమ్మని మా పెద్దది బడికి పట్టుకెళ్ళింది. టీచరమ్మ దాన్ని బల్ల మీద నిలబెట్టి క్లాసంతటికీ చూపించిందట. ఇంటికొచ్చి బూట్లయినా విప్పకుండా "అమ్మా, అత్తకి ఇన్ని వచ్చు కదా, నీకేమీ రావెందుకు?" అంది. పదహారేళ్ళ నుంచి టైలరింగు షాపులో కూర్చుని ఊళ్ళో సగం మంది నడుములు వదులు చేస్తున్నాను, మిగతా సగం మందివి బిగిస్తున్నాను. నాకేమీ రావట!

ఆ బొమ్మలు చెయ్యడం మా అమ్మ నాకు నేర్పింది. అప్పటికి నాకు ఆరేళ్ళు. నువ్వింకా ఆ తోట మొహమే చూడలేదు. పొట్టుని గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టాలి, నడుం దగ్గర దారం రెండుసార్లు చుట్టాలి. నువ్వు ఒక్కసారే చుట్టావు. చూశాన్లే.

తోటలో ఆకులు రాలడం మొదలయిందా? ఇక్కడ మా వీధిలో ఉన్నవే నాలుగు చెట్లు, వాటి ఆకులు రాలకముందే మునిసిపాలిటీ వాళ్ళు చీపుళ్ళు పట్టుకుని నిలబడతారు. మన ఆవుల కొట్టం వెనక మోకాలి లోతున పడుండేవి. నేనూ తమ్ముడూ అందులో దూకితే అమ్మ వెతుక్కుంటూ తిరిగేది. ఇంకో మాట. నా గదిలో కోడిపిల్లల్ని పెట్టావని విన్నాను. నిజమా? అబద్ధమైతే బావుణ్ణు.

ఇట్లు,
నీ మొగుడి అక్క

సెప్టెంబరు 22

వదినగారికి,

ఉత్తరం అందింది. అత్తయ్య కవరు పట్టుకుని ఎండకేసి చూశారు, లోపలిది కనపడుతుందేమోనని. కనపడలేదు. చదివి చెప్పమన్నారు. "అందరూ బావున్నారట" అని చెప్పాను.

దారం రెండుసార్లు చుట్టాలని ఆవిడ నాకు చెప్పలేదు. మీకోసం దాచిపెట్టినట్టున్నారు.

కోడిపిల్లల మాట నిజమే. పదకొండు రోజులే ఉంచాను. ఇంట్లో ఎండ బాగా పడేది ఆ గదిలోనే. మీరు గోడకి అంటించిన కాగితం పువ్వుల జోలికి అవి వెళ్ళలేదు, నేనూ వెళ్ళలేదు. గది కడిగి, కిటికీలు తెరిచి, మీ మంచం మీద దుప్పటి మార్చి పెట్టాను. తొమ్మిదేళ్ళయింది నేనీ ఇంటికొచ్చి. ఇప్పటికీ ఆ గదిని అందరూ "అమ్మాయి గది" అనే అంటారు. మా గదిని మాత్రం "పక్క గది" అంటారు.

అసలు సంగతి వేరే. మీకు చెప్పకుండా ఉండలేకపోతున్నాను. అత్తయ్య మళ్ళీ బొంత మొదలుపెట్టారు. వేళ్ళ కణుపులు వాచి, సూది పట్టుకోవడమే కష్టంగా ఉంది. "ఇదే ఆఖరిది" అన్నారు. ఆవిడ పద్ధతి మీకు తెలిసిందే కదా. ఎవరైనా బొంతని మధ్యలోంచి మొదలుపెడతారు, ఈవిడ అంచుల్లోంచి లోపలికి కుట్టుకొస్తారు. నడిమి ముక్క ఆఖర్న వేస్తారు. అది ఎవరు తొడిగిన బట్ట అయితే బొంత వాళ్ళది. అప్పటిదాకా ఎవరికో నోరు విప్పరు, బొంత బిగించిన చట్రం మీద దుప్పటి కప్పేసి ఉంచుతారు.

మొన్న నా దగ్గరికొచ్చి నా నీలం కోటు అడిగారు. పశువుల డాక్టరుగారి దగ్గర పనిచేసే రోజుల్లో, మీ ఆవులకి టీకాలు వెయ్యడానికి మొదటిసారి వచ్చినప్పుడు వేసుకున్న కోటు. ఎందుకత్తయ్యా అంటే నవ్వారు. వదినా, ఇన్నేళ్ళలో ఆవిడ నన్నొక బట్ట అడగడం ఇదే మొదలు. పెట్టె అడుగునుంచి తీసి, ఇస్త్రీ చేసి మరీ ఇచ్చాను. మీరు నవ్వుకుంటారేమో, నవ్వుకోండి.

మీ
మరదలు

సెప్టెంబరు 30

మరదలా,

సంతోషం. ఇంతకంటే రాయడానికేమీ లేదు.

అయినా రాస్తున్నాను. నిన్న ఒకావిడ స్కర్టు రెండు అంగుళాలు తగ్గించమంటే నాలుగు తగ్గించాను. నీ ఉత్తరం ధ్యాసలో ఉండి. ఓనరమ్మ నా వైపు చూసిన చూపు నీకు పార్సిల్ చెయ్యాలి.

అమ్మ నాన్నకి బొంత కుట్టింది. తమ్ముడికి ఇరవయ్యేళ్ళు రాగానే కుట్టింది. పాలు పట్టుకెళ్ళే అతని భార్యకి బిడ్డ పుడితే ఆవిడకీ కుట్టింది. నా పెళ్ళినాడు "నీకు తర్వాత కుడతాలే, నీకేం తొందర?" అంది. ఆ "తర్వాత" ఇప్పటికీ రాలేదు. నేను అడగలేదు. అడిగి కుట్టించుకుంటే అది బొంత కాదు, ఆర్డరు. రోజంతా ఆర్డర్లే కుడతాను నేను.

ఆఖరిది కూడా నాక్కాదు, నీకే అన్నమాట. ఆవులకి సూదులు వెయ్యడానికొచ్చి మా తమ్ముడికి వేసి కూర్చున్నావు. తమ్ముణ్ణి తీసుకున్నావు, సరే, వాణ్ణి ఎవరో ఒకరు తీసుకోవాల్సిందే. తోట తీసుకున్నావు. ఏ కోడి ఎక్కడ గుడ్డు పెడుతుందో నాకు తెలిసేది, ఇప్పుడు నీకు తెలుసు. పొద్దున్నే లేచి అటక మీది ఆపిల్ పళ్ళ వాసన పీల్చేది నువ్వు. అమ్మ "ఒసే" అని పిలిస్తే "ఆఁ" అనేది నువ్వు. కడుపు మండుతోంది మరదలా. దాచను. దాచడం నాకు చేతకాదు.

అక్టోబరు సెలవుల్లో పిల్లల్ని తీసుకుని రెండు రోజులు వస్తాను. పద్దెనిమిదిన. నా గదిలో తలుపు వెనక కొక్కేనికి నా ఆకుపచ్చ కోటు ఉంటుంది. నాన్న పెద్ద కోటుని కోసి నాకు పదకొండేళ్ళప్పుడు అమ్మ కుట్టింది. అది దులిపి ఉంచు. మా పెద్దదానికి సరిపోతుందేమో చూస్తాను. అదొక్కటే నాకు మిగిలింది అక్కడ.

ఇట్లు,
ఎవరికో నీకు తెలుసు

అక్టోబరు 8

వదినగారికి,

తప్పకుండా రండి. మీరొస్తున్నారని తెలిసిన దగ్గర్నుంచి అత్తయ్య ఇల్లంతా తిరగేస్తున్నారు. పళ్ళెం తళతళలాడటం లేదని నన్ను మూడుసార్లు కేకలేశారు. నేను ప్రతిరోజూ వండుతాను, ఉప్పు తక్కువ అంటారు. మీరొచ్చిన రోజున కూడా నేనే వండుతాను, "మా అమ్మాయి ఇంట్లో ఉంటే తిండి ఎంత రుచిగా ఉంటుందో" అంటారు. పోయినసారి గమనించారా? నేను గమనించాను.

కోటు గురించి అత్తయ్యతో చెప్పాను. "ఆ కోటు సంగతి నేను చూసుకుంటాను, నువ్వు ముట్టుకోకు" అన్నారు. ముట్టుకోలేదు.

మీరన్న మాటలకి నాకు కోపం రాలేదని రాయబోయాను. వచ్చింది. మీకు ఆ తోటలో పాతికేళ్ళు ఉన్నాయి. ఏ చెట్టు చూపించినా అత్తయ్య "దాని మీంచి మా అమ్మాయి పడింది" అంటారు. మీరు పడని చెట్టు ఒక్కటైనా ఉందా అని వెతుకుతున్నాను, నేను ఎక్కి పడదామని.

మీ
మరదలు

అక్టోబరు 21

ఏమే,

రెండు రోజులని వచ్చి ఒకటిన్నర రోజుకే బస్సెక్కాను. ఎందుకో నీకు తెలుసు, అయినా కాగితం మీద పెడతాను. గేటు దగ్గర ఏం అరిచానో నాకే సరిగా గుర్తులేదు.

మొదటి రోజు బాగానే ఉంది. కాదు, బాగానే ఉందని ఎందుకనాలి, ఎంతో బావుంది. గేటు తియ్యగానే ఆ ఎండిన ఆకుల వాసన, తడి గడ్డి వాసన. మా చిన్నాడు కొట్టం వెనక ఆకుల్లోకి దూకి కనపడకుండా పోతే నా గుండె ఆగినంత పనైంది, మా అమ్మకి ఎలా ఉండేదో అప్పుడు తెలిసింది. బేరి చెట్టు కొట్టేశారు. మొద్దు మీద చెయ్యి వేసి "ఇక్కడొక బేరి చెట్టు ఉండేది" అని పిల్లలకి చెప్తుంటే నీ కూతురు, ఆరేళ్ళ పిల్ల, "పిలక వచ్చింది అత్తా, చూపిస్తా రా" అని నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది. నా తోటని నాకు చూపిస్తోంది! నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మధ్యాహ్నం నువ్వు పిల్లల చేత ఎండిన సొరకాయలకి చిల్లులు పెట్టించి పిట్టగూళ్ళు చేయించావు. మా పెద్దది నీ పక్కనుంచి లేవలేదు. అన్నానికి నేను పిలిస్తే రాలేదు, నువ్వు పిలిస్తే వచ్చింది. అది కూడా మింగాను.

రెండోరోజు పొద్దున్న తమ్ముడు అమ్మని వేళ్ళు చూపించడానికి ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. కోటు కోసం గదిలోకెళ్తే కొక్కేనికి లేదు. వెతగ్గా వెతగ్గా అమ్మ కుట్టుకునే బల్ల మీద దొరికింది. వీపు మొత్తం నలుచదరంగా కోసేసి ఉంది. ఆ ముక్క పక్కనే ఉంది, చుట్టూ సుద్ద గీతలతో. చట్రం మీద దుప్పటి ఎత్తి చూస్తే అంచు నిండా నీ నీలం. నడిమిన ఖాళీ.

అంటే ఏమిటి? నీ బొంతకి ఎక్కడో అతుకు చాలక నా కోటు కోయించావు. నడిమికి నీ నీలం ముక్క దాచిపెట్టుకునే ఉంటావు. మా నాన్న భుజాల మీద ఉన్న బట్ట అది. దులిపి పెట్టమంటే కత్తెర చేతికిచ్చావు! గేటు దగ్గర "నీ బొంతకి నా కోటే దొరికిందా?" అని అడిగితే పాల బకెట్టు పట్టుకుని అలా నిలబడ్డావు. ఒక్క మాట లేదు. తప్పు చేసినవాళ్ళే అలా నిలబడతారు.

కోటూ, ఆ ముక్కా రెండూ నా దగ్గరే ఉన్నాయి. అమ్మ వచ్చేదాకా ఆగలేదు. ఆగితే అమ్మ మొహం మీద అడిగేదాన్ని, "నేనేం తక్కువ చేశాను నీకు?" అని. అడిగితే ఏం చెప్తుందోనని భయమేసింది. అదీ సంగతి.

నేను

అక్టోబరు 29

వదినగారికి,

మీరు వెళ్ళిన సంగతి అత్తయ్యకి చెప్పాను. కోటు లేదన్న సంగతి ఆవిడే చూసుకున్నారు. చట్రాన్ని గోడకి ఆనించి వెనక్కి తిప్పేశారు.

మీ చిన్నాడి టోపీ పొయ్యి దగ్గర మర్చిపోయారు. దీంతో పంపుతున్నాను.

మరదలు

నవంబరు 6

మరదలా,

టోపీ అందింది. చలికి కొయ్యబారిన మా చిన్నాడి చెవులు మళ్ళీ వెచ్చబడ్డాయి.

కోటు బాగుచేశాను. తొమ్మిది సాయంత్రాలు పట్టింది. షాపు నుంచి రాగానే చేతులు కడుక్కుని కూర్చునేదాన్ని. ముక్కని తిరిగి వీపులో పెట్టి, లోపలివైపు నుంచి పోగు పోగు కలిపి అల్లాను. ఓనరమ్మకి చూపించి "అతుకెక్కడ?" అంటే అద్దాలు పెట్టుకుని వెతికింది. కనుక్కోలేకపోయింది. మా పెద్దది వేసుకుని బడికెళ్తోంది. భుజాలు కాస్త జారుతున్నాయి, వచ్చే ఏడాదికి సరిపోతుంది. దాని వెనకాల కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాను. గెలిచానే అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను, చూడు నా బుద్ధి.

ఆదివారం అమ్మకి ఫోను చేశాను. "అక్కడ చలి మొదలయిందా?" అంది. మొదలయింది అన్నాను. "కోటు వేసుకో" అంది. అంతే, పెట్టేసింది. ఎత్తిపొడుపు కాకపోతే ఏమిటది? ఇంతకీ నీ బొంత అయిందా లేదా? రాయకు. కాదు, రాయి. తెలుసుకోకపోతే ఇంకా కుళ్ళిపోతాను.

ఇట్లు,
కోటు గలావిడ

నవంబరు 15

వదినా,

ఇది నాలుగోసారి రాయడం. మూడు కాగితాలు పొయ్యిలో వేశాను. మీ తమ్ముడు "కట్టెలు తక్కువయ్యాయా?" అని అడిగాడు.

బొంత అవలేదు. చట్రం అలాగే గోడ వైపు తిరిగి ఉంది. ఈ పాటికి అయిపోవాల్సింది. ఎందుకు అవలేదంటే దాని నడిమి ముక్క మీ అమ్మాయి వీపు మీద ఉంది.

ఆ బొంత మీది వదినా.

నాకు ముందు తెలియదు. నిజంగా తెలియదు. నీలం కోటు అడిగినప్పుడు నాకే అనుకున్నాను, మీకు అలాగే రాశాను. మీరొచ్చిన రోజు సాయంత్రం, మీరూ పిల్లలూ తోటలో కాయలు ఏరుతున్నారు. నేను పాలు తీసుకుని లోపలికొస్తున్నాను. గది తలుపు ఓరగా ఉంది. అత్తయ్య మీ కోటు ముక్కని నడిమి ఖాళీ మీద పరిచి, నాలుగు వైపులా సుద్దతో గీసి, వంకర వేళ్ళతో దాన్ని రెండుసార్లు తట్టారు. పసిపిల్లల్ని తట్టినట్టు. అప్పుడు నా నీలం వైపు చూశాను. మొత్తం అంచుల్లోనే ఉంది. మిగిలిన పీలికలు దిండులో కూరేశారు. అంచుకి చాలక కోయించింది మీ కోటుని కాదు, నా కోటుని.

పాలు పొయ్యి మీద పెట్టి అక్కడే నిలబడిపోయాను. పొంగిపోయాయి. మీరు లోపలికొచ్చి "ఏమే, ఎక్కడున్నావు?" అని నవ్వారు. గుర్తుందా?

మర్నాడు గేటు దగ్గర మీరు "నీ బొంతకి" అంటూ అరుస్తున్నారు. "మీదే" అని నేను ఒక్క మాట అంటే చాలు. నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. తీసుకుపోనీ అనుకున్నాను. నాకు రానిది ఈవిడకి మాత్రం ఎందుకు రావాలి అనుకున్నాను. బస్సు మలుపు తిరిగేదాకా చూసి, వెళ్ళి ఆవులకి నీళ్ళు పెట్టాను. హాయిగా ఉంది వదినా. ఆ పూటంతా హాయిగా ఉంది. నేనింత చెడ్డదాన్నని నాకే తెలియదు.

సాయంత్రం అత్తయ్య వచ్చి బల్ల మీద ముక్క కోసం తడుముకున్నారు. బల్ల కింద కూడా వంగి చూశారు. "అమ్మాయి పట్టుకెళ్ళింది" అన్నాను. "కోసినందుకు కోపమొచ్చిందా?" అన్నారు. "వచ్చింది" అన్నాను. "అడిగి కొయ్యాల్సింది" అన్నారు, అంతే. అది విన్నాక కూడా మీకు టోపీ గురించి రాశానే గానీ ఇది రాయలేదు.

"కోటు వేసుకో" అన్నది ఎత్తిపొడుపు కాదు. మీకు బొంత లేదు కదా, కోటయినా వేసుకోమన్నారు.

మంచు పడుతోంది. ఆవిడ వేళ్ళు రోజు రోజుకీ బిగుసుకుపోతున్నాయి. పంపుతారా లేదా మీ ఇష్టం. నన్ను తిట్టండి, కానీ త్వరగా తిట్టండి.

మరదలు

నవంబరు 20

మరదలా,

పార్సిల్లో ముక్క ఉంది.

తొమ్మిది సాయంత్రాలు కుట్టినదాన్ని విప్పడానికి ఒక్క పొద్దు పట్టింది. పెద్దదాన్ని స్వెటరుతో బడికి పంపి, షాపుకి సెలవు పెట్టాను. పెద్దది బడి నుంచి వచ్చి చూసి "నాకిచ్చింది మళ్ళీ తీసుకుంటావా?" అని ఏడ్చింది. ఏం చెప్పను దానికి? మా అమ్మ నాకిచ్చినదాన్ని నేనే దొంగతనం చేసి నీకిచ్చానే అని చెప్పనా? మీ అన్నయ్య దాన్ని బయటికి తీసుకెళ్ళి కొత్త కోటు కొనిపెట్టారు. ఎర్రది. దానికి అదే నచ్చింది, ఆకుపచ్చది బరువుగా ఉండేదట.

నీ మీద కోపం రావాలి. వచ్చింది కూడా. ఉత్తరం చదివి గ్లాసు బల్ల మీద కొట్టాను, పగల్లేదు. కానీ తీసుకుపోయింది నేను. నువ్వు ఆపలేదు, అంతే కదా. నీ చోట నేనుంటే ఏం చేసేదాన్ని? బస్సు టిక్కెట్టు కూడా తెచ్చిపెట్టేదాన్ని.

నీకే ఇచ్చెయ్యమని అమ్మకి చెప్పాలని రెండుసార్లు అనుకున్నాను. చెప్పలేను. నాకు కావాలి. పదహారేళ్ళుగా కావాలి. నా వయసు నలభై దాటింది, పసిదానిలా కావాలి. ఇవ్వను.

అమ్మ వేళ్ళు ఎలా ఉన్నాయో రాయి. ఆవిడతో నేను మాట్లాడతాను, కాస్త ధైర్యం రానీ.

నేను

డిసెంబరు 9

వదినా,

ఇదిగో మీ బొంత. బస్సు డ్రైవరుగారి చేతికిచ్చాను, తడవకుండా రెండు సంచుల్లో పెట్టాను.

ముక్క అందిన రోజే అత్తయ్య చట్రం తిప్పించారు. సూదిలో దారం నేనెక్కించి ఇచ్చాను. పట్టుకోలేకపోయారు. మూడుసార్లు జారింది. నాలుగోసారి సూది నా చేతికిచ్చి "నువ్వు కుట్టు" అన్నారు. నేనా? అన్నాను. "ఇంకెవరున్నారే?" అన్నారు.

నాలుగు రోజులు పట్టింది. ఆవిడ నా పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నారు. "దగ్గరగా వెయ్యి. అది కుట్టా, కంచెకి తీగ చుడుతున్నావా? మా అమ్మాయైతే..." ఈసారి నేనూరుకోలేదు. "మీ అమ్మాయైతే ఎత్తుకుపోతుంది" అన్నాను. ఆవిడ నవ్వారు. అంతగా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

రెండోరోజు నా వైపు చూడకుండా అడిగారు, "నీకు కుట్టలేదని కష్టంగా ఉందా?" అని. ఉంది అన్నాను. "నీకు చలేస్తే నేను లేచి దుప్పటి కప్పుతాను కదే, పక్క గదిలోనేగా ఉంటావు. దానికి ఎవరు కప్పుతారు అక్కడ?" అన్నారు. ఆలోచించాను. అది జవాబే. కానీ నాకు చాలలేదు వదినా. అబద్ధం ఎందుకు రాయాలి?

కాబట్టి మీకు తెలియాల్సిందేమిటంటే, అంచుల నుంచి లోపలికి అంతా మీ అమ్మ చెయ్యి. నడిమి ముక్క మాత్రం నాది. కుడుతున్నంతసేపూ మిమ్మల్ని తిట్టుకుంటూనే కుట్టాను, కానీ వదులుగా ఒక్క కుట్టూ వెయ్యలేదు. మీరు మీ అమ్మ చేతి ఆఖరి బొంత కావాలన్నారు. అది కప్పుకున్నప్పుడల్లా సరిగ్గా గుండె మీద నేనుంటాను. ఇష్టం లేకపోతే విప్పుకోండి. మీకు విప్పడం బాగా వచ్చు.

మరదలు

డిసెంబరు 16

మరదలు పిల్లా,

బొంత అందింది. సంచి విప్పి మంచం మీద పరిచి, పిల్లలిద్దర్నీ బయటికి పంపి తలుపు వేసుకున్నాను.

అమ్మ కుట్లు ఎక్కడ ఆగాయో, నీవి ఎక్కడ మొదలయ్యాయో ఎవరూ చూపించక్కర్లేదు నాకు. అమ్మవి ఈ ఏడాది చిన్న పిల్లల రాతలా ఉన్నాయి, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. అంచు మొదట్లో బానే ఉన్నాయి, లోపలికొచ్చే కొద్దీ తడబడ్డాయి. ఆవిడ వేళ్ళు ఎంత నొప్పి పడ్డాయో కుట్టు కుట్టులో కనపడుతోంది. నడిమికి వచ్చేసరికి గట్టిగా, దగ్గరగా, కోపంగా నీవి. మా షాపులో నీ అంత గట్టిగా ఎవరూ కుట్టరు.

నిజం చెప్తాను. విప్పి నేనే మళ్ళీ కుడదామని కత్తెర తీశాను. నా బొంత నడిమిన నువ్వేమిటి అనిపించింది. పక్కన కూర్చుని తిట్టించుకున్నది నువ్వు, ఆవిడ నవ్వింది నీతో. అక్కడుండాల్సింది నేను కదా. కత్తెర పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. చలేసింది. కప్పుకున్నాను. ఎప్పుడు పడుకున్నానో తెలియదు, లేచేసరికి మీ అన్నయ్య అన్నం వండేసి, పిల్లలకి పెట్టేశారు. ఆయన వండాక ఇల్లంతా మాడు వాసన.

నిన్న అమ్మకి ఫోను చేశాను. ఆ రోజు ఆగి అడగలేకపోయింది అడిగాను, నేనేం తక్కువ చేశానని. "నీ పెళ్ళప్పుడే మొదలుపెట్టానే" అంది. "నువ్వు అన్ని కుట్లూ తెలిసినదానివి, వంకలు పెడతావేమోనని భయమేసి మళ్ళీ విప్పేశాను" అంది. పదహారేళ్ళు! నా పనికి భయపడి నాకు కుట్టలేదట మా అమ్మ. చేతులు బాగున్నన్నాళ్ళూ భయపడి, వేళ్ళు పోతున్నాయనగా తెగించింది. నేను ఫోను పట్టుకుని అలా నిలబడ్డాను. నువ్వు బకెట్టు పట్టుకుని నిలబడ్డట్టే.

అసూయ పోయిందని రాయను. నువ్వు అక్కడున్నావు, నేనిక్కడున్నాను, అది పోదు. ఈ క్షణం కూడా అమ్మ నీ పక్కన పొయ్యి దగ్గర కూర్చుని ఉంటుందని తలుచుకుంటే కన్ను కుడుతోంది. కానీ నువ్వు రాసిన ఒక మాట రెండు రోజులుగా వదలడం లేదు. జవాబు చాలలేదన్నావే, అది. నాకూ చాలలేదు. దగ్గరున్నావు కాబట్టి నీకు అక్కర్లేదనడమేమిటి? పక్క గదిలో ఉన్నవాళ్ళకి చలెయ్యదా?

కాబట్టి విను. నీ బట్ట ఒకటి పంపు. పశువుల ఆస్పత్రి తెల్ల కోటో, పెళ్ళి కాకముందు గౌనో, నీకు బాగా ఇష్టమైనదేదైనా సరే. మాసినా, చిరిగినా పరవాలేదు. అమ్మ ఇంక కుట్టలేదు, నేను కుడతాను. ఇది ఆర్డరు కాదు, కొలతలు అడగను. అమ్మలాగా అంచుల్లోంచి రాను, ఎవరిదో చెప్పకుండా ప్రాణాలు తోడెయ్యడం నావల్ల కాదు. నీ ముక్కే ముందు వేస్తాను, నడిమిన. ఎవరిదో మొదటిరోజే తెలిసిపోవాలి.

నా కన్నపిల్లల కంటే ముందు నీకు కుడుతున్నానని అమ్మతో చెప్పు. కుళ్ళుకుంటుంది. కుళ్ళుకోనీ.

నీ
వదిన